గాలం కబుర్లు: సన్న దారం, పెద్ద చేప

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఏటిమొగల్లో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, బాగా సన్నని దారంతో పెద్ద చేపను పట్టడం ఎలా అని. ప్రశ్నలను కుదించి ఇస్తున్నాను. ఒకే ప్రశ్నను పలువురు అడిగినప్పుడు అందరికీ కలిపి జవాబు రాశాను.

ప్రశ్న: మాస్టారూ! మా స్నేహితుడు యానాం దగ్గర గౌతమిలో మూడు కిలోల దారంతో తొమ్మిది కిలోల పండుగప్పను పట్టానని ఊరంతా చెప్పుకుంటున్నాడు. అదే దుకాణంలో కొన్న అదే దారాన్ని నేను రెండు కిలోల చేపకే తెంపుకుంటున్నాను. వాడు కోతలు కోస్తున్నాడా, నాకు నకిలీ దారం అంటగట్టారా?
— అమలాపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ స్నేహితుణ్ణి అప్పుడే అబద్ధాలకోరును చేయకండి. మూడు కిలోల దారానికి తొమ్మిది కిలోల పండుగప్ప రావడం జరిగే పనే. మీ దారం కూడా అసలుదే అయి ఉంటుంది. తేడా అంతా రీలు బిగింపులో, అంటే చేప ఎంత బలంగా లాగితే రీలు దారం వదలాలో నిర్ణయించే డ్రాగ్‌లో ఉంది.

చుట్ట మీద అచ్చువేసిన ‘మూడు కిలోలు’ చేప బరువుకు హద్దు కాదు. ముడి లేని దారాన్ని నెమ్మదిగా లాగుతూ పోతే ఎంత బరువు దగ్గర తెగుతుందో చెప్పే అంకె అది. నీళ్లలో ఉన్నంతసేపు చేపకు బరువంటూ దాదాపు ఉండదు. లోపలి గాలితిత్తి దాన్ని తేల్చి ఉంచుతుంది. కాబట్టి మీ దారం తొమ్మిది కిలోలను ఎత్తడం లేదు. చేప పరుగుకు కాస్త అడ్డుపడుతోంది, అంతే. ఆ కాస్త అడ్డు చాలాసేపు ఉంటే ఎంత చేపైనా అలసిపోతుంది.

ముందు ఒక పని చేయండి. ఈసారి తెగినప్పుడు తిట్టుకుంటూ దారం చుట్టేయకుండా, తెగిన కొసను వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూడండి. పందితోకలా చుట్టలు తిరిగి ఉంటే దారం తెగలేదు, ముడి జారింది. చివరి జానెడు గరుకుగా, తెల్లగా నలిగి ఉంటే ఏ ఆల్చిప్పకో, రాయికో, చేప మొప్పకో ఒరుసుకుంది. కత్తిరించినట్టు శుభ్రంగా ఉంటేనే లాగుడు ఎక్కువై తెగినట్టు. మీ ఉత్తరంలో ‘చేప పరుగు తీయగానే డ్రాగ్ బిగించాను’ అని రాశారు కాబట్టి మీది మూడో రకమని నా అనుమానం.

డ్రాగ్‌ను చేత్తో లాగి చూసి సరిపోయిందనుకోవడం చాలామందికి అలవాటు. లావు దారానికి అది చెల్లుతుంది. సన్న దారానికి కాటా కావాలి. వేలాడదీసే స్ప్రింగు కాటా ఒకటి కొనండి. కర్రకు రీలు బిగించి, దారాన్ని కర్ర మీది కంతలన్నింటి గుండా తీసి, కొసను కాటా కొక్కేనికి కట్టండి. మీరు కర్రను వాలుగా, చేపతో పోరాడేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకోండి. తోడున్న మనిషిని కాటా పట్టుకుని మెల్లగా వెనక్కి నడవమనండి. రీలు దారం వదలడం మొదలుపెట్టిన క్షణంలో ముల్లు ఎక్కడుందో చూడాలి. మూడు కిలోల దారానికి అది 750 నుంచి 800 గ్రాముల మధ్య ఉంటే చాలు. అంటే సుమారు పావు వంతు.

‘పావు వంతేనా? మిగతా ముప్పావు ఎందుకు వృథా?’ అని అడగబోతున్నారు. వృథా కాదు, దానికి ఖర్చులున్నాయి. ముడి దగ్గర కొంత బలం పోతుంది. నైలాన్ దారం, మన తంగూసు, తడిస్తే ఇంకొంత తగ్గుతుంది. అన్నిటికన్నా పెద్ద ఖర్చు చుట్ట తరగడం. దారం నిండా ఉన్నప్పుడు చుట్ట వ్యాసార్ధం 25 మిల్లీమీటర్లు అనుకుందాం. చేప దూరం పరుగెత్తి అది 18కి తగ్గితే, మీరు మరను ముట్టుకోకపోయినా 800 గ్రాముల బిగింపు 1100 గ్రాములు దాటుతుంది. దూరాన ఉన్న దారం నీళ్లలో విల్లులా వంగి ఉంటుంది కదా, చేప పక్కకు తిరిగితే ఆ వంపునంతా నీటికి అడ్డంగా ఈడ్చాలి. ఆ భారమూ దారం మీదే. అందుకే చేప దూరం పోతున్నకొద్దీ డ్రాగ్‌ను వదులు చేయాలి. భయం వేసినప్పుడు చెయ్యి దానంతట అదే బిగించడానికి పోతుంది. దాన్ని ఆపుకోవడమే ఈ విద్యలో కష్టమైన భాగం.

చేప దారం లాక్కుపోతున్నప్పుడు రీలు పిడి తిప్పకండి. అటు చేప తీసుకుంటూ, ఇటు మీరు తిప్పుతూ ఉంటే ఒక్క అంగుళం లోపలికి రాదు; స్పిన్నింగ్ రీలయితే పిడి తిప్పిన ప్రతిసారీ దారంలో ఐదారు మెలికలు పడతాయి. చేప ఆగినప్పుడు కర్రను మెల్లగా ఎత్తండి, దించుతూ చుట్టండి. పండుగప్ప గాలిలోకి ఎగిరితే కర్ర కొసను వెంటనే దాని వైపు దించండి. నీళ్లలో లేని బరువు గాలిలో దానికి వచ్చేస్తుంది, పైగా తల విదిలిస్తుంది. ఆ ఒక్క విదిలింపుకు దారం బిగువుగా దొరికితే మీ పని అయిపోయినట్టే.

ప్రశ్న: మడ అడవుల పాయల్లో గాలం వేస్తే పెద్ద చేప పడ్డ మరుక్షణమే వేళ్లలోకి దూరి దారం తెంపేస్తోంది. నాలుగు కిలోల దారం వాడుతున్నాను. డ్రాగ్ ఎంత పెట్టాలి?
— కాకినాడ నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: ఎంత పెట్టినా లాభం లేదు. చోటే తప్పు.

పండుగప్ప మాటువేసి కొట్టే చేప. వేళ్ల నీడలో నిలబడి, రొయ్య పక్కగా పోతుంటే నోరు తెరిచి గుటుక్కున మింగి, వెనుదిరిగి తన చోటికే పోతుంది. ఆ మొదటి రెండు క్షణాల్లో దాన్ని ఆపగలగాలి. అందుకు పదిహేను కిలోల అల్లిక దారం, గట్టి కర్ర కావాలి. నాలుగు కిలోల దారంతో అక్కడ గాలం వేయడమంటే, మూతికి గాలమూ వెనక బారెడు దారమూ తగిలించి చేపను పంపించడమే. ఆ దారం వేళ్లకు చిక్కుకుంటే చేప అక్కడే చస్తుంది. ఇంకో మాట. కోరింగ మడ అడవి 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. మీరు చెబుతున్న పాయ దాని హద్దుల్లో ఉందో లేదో అటవీ శాఖ వారిని అడిగి, అనుమతి ఉంటేనే వెళ్లండి.

సన్న దారానికి కావలసింది వెడల్పైన నీరు, ఇసుక అడుగు, చుట్టుపక్కల గుంజలూ వలలూ లేని చోటు. యానాం దిగువన గౌతమి, ఓడలరేవు దగ్గర వైనతేయ, అంతర్వేది దగ్గర వశిష్ఠ ఇలాంటివే. చేప ఎంత దూరం పోయినా పోనివ్వగలిగితే సగం పని అయినట్టు. మొగ ముఖాన ఇసుక మేటల మీద అలలు విరిగే చోటికి మాత్రం చిన్న పడవ తీసుకుపోవద్దు.

రోజును తిథి చూసి ఎంచుకోండి. అమావాస్య, పౌర్ణమి పోట్లలో నీరు ఉరవడిగా నడుస్తుంది. చేప ఏమీ చేయకుండా వాలుకు అడ్డం తిరిగి నిలబడినా సన్న దారం తెగుతుంది. అష్టమికి అటూ ఇటూ పోటు మందంగా ఉంటుంది. పాటు చివర, చిన్న కాలువల నుంచి నీరు దిగిపోతూ రొయ్యలను పెద్ద ఏటిలోకి తోసే వేళ పండుగప్ప మేతకు వస్తుంది. ఆ వెంటనే నీరు కాసేపు నిలుస్తుంది. మేత వేళ చేప తగిలి, నిలిచిన నీట్లో పోరాటం జరిగేలా చూసుకోవాలి. ఆ సమయం రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నిన్న దొరికిన వేళకే ఇవాళ కూడా వెళ్లి కూర్చుని చేపల్లేవని నిట్టూరిస్తే నేనేం చేయను?

లంగరు తాడు చివర ఒక బెండు కట్టి ఉంచండి. పెద్ద చేప తగలగానే లంగరు ఎత్తుతూ కూర్చోకుండా తాడును బెండుతో సహా నీళ్లలోకి వదిలేసి చేప వెంట పడవను పోనివ్వాలి. లంగరు కోసం తర్వాత రావచ్చు. పడవ చేపకు ఎగువన ఉండకూడదు. ఎగువ నుంచి లాగితే చేప బలానికి ఏటి వాలు కూడా తోడవుతుంది. దానికి సమంగానో, కాస్త దిగువనో ఉండాలి.

వరద నెలల్లో ఈ ముచ్చట మానుకోండి. ఎర్రనీటితో పాటు గుర్రపుడెక్క కొట్టుకొస్తుంది. ఒక్క గుబురు దారానికి తగులుకుంటే చేపతో పనిలేకుండానే మీ మూడు కిలోలూ ఖర్చయిపోతాయి. నీరు తేటపడ్డాక, శీతకాలంలో మొదలుపెట్టండి.

ప్రశ్న: సన్న దారంతో పులసను పట్టవచ్చా?
— రాజమహేంద్రవరం

జవాబు: పులస నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తినే చేప. రొయ్యకో పురుగుకో ఎగబడే రకం కాదు. దానికి వలే సరి. గాలంతో పులస పట్టానని ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లండి, పులుసు తినండి, వాదించకండి.

ప్రశ్న: సన్న దారానికి ఏ ముడి వేయాలి? గాలం దగ్గర లావు దారం కడితే చేపకు కనిపించదా? నేను వేసే ముడి ఎప్పుడూ గాలం దగ్గరే ఊడుతోంది.
— భీమవరం

జవాబు: కనిపిస్తే కనిపించనివ్వండి, లావు దారం కట్టి తీరాలి. పండుగప్పకు కోరపళ్లు ఉండవు కానీ నోటి అంచు గరుకుకాగితమే. మొప్ప మూత అంచు బ్లేడు. చేతులు తెగినవారిని అడగండి. మూడు కిలోల దారం చివర బారెడు పొడవున, ఇరవై కిలోల బలం ఉన్న లావు దారాన్ని లీడర్‌గా కట్టండి. మసకనీటిలో అది చేపను పెద్దగా బెదరగొట్టదు. ఒక్కో చేపను పట్టాక లీడర్‌ను వేళ్ల మధ్య జార్చి చూడండి. గోటికి గరుకు తగిలితే అంతమేర కత్తిరించి మళ్లీ కట్టాలి. బద్ధకించకూడని పని ఇదొక్కటే.

సన్న దారాన్ని నేరుగా లావు దారానికి ముడేస్తే సన్నది లావుదాన్ని కోసుకుపోతుంది, లేదా జారుతుంది. ముందు సన్న దారం కొసను రెండు పేటలు చేసుకోవాలి. దానికి బిమిని ట్విస్ట్ అనే పద్ధతి ఉంది: దారాన్ని మడిచి, మడతలో చెయ్యి పెట్టి ఇరవై చుట్లు మెలిపెట్టి, ఆ మెలిక మీదుగా కొసను వెనక్కి చుట్టుకుంటూ వచ్చి బిగించాలి. మోకాళ్లకు మడత తగిలించుకుని వేస్తే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. సరిగ్గా పడితే దారం బలం దాదాపు ఏమీ పోదు. ఆ రెండు పేటలను లీడర్‌కు డబుల్ యూని ముడితో కలపండి. పడవలో నేర్చుకోబోకండి. ఇంట్లో, ఫ్యాను కింద, లావు పురికొసతో మొదలుపెట్టండి.

మీ ముడి ఊడటానికి కారణం పొడిగా బిగించడమే అయి ఉంటుంది. పొడి నైలాన్‌ను చటుక్కున లాగితే రాపిడి వేడికి అక్కడే కమిలి నీరసిస్తుంది. ముడిని నాలుకతో తడిపి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకునేలా నెమ్మదిగా, ఆగకుండా బిగించండి. తర్వాత గట్టిగా ఒకసారి లాగి చూడండి. తెగితే ఇంట్లోనే తెగనివ్వండి.

గాలం సంగతి కూడా చెప్పాలి. 800 గ్రాముల లాగుడుతో లావు గాలం చేప దవడలో దిగదు. సన్న తీగతో చేసిన, గోటి మీద ఆనిస్తే జారకుండా నిలిచే పదునున్న గాలం కావాలి. బతికున్న రొయ్యను ఎరగా వేసేవారికి సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం, మంచిది. చేప తిన్నదని తెలియగానే గుంజకూడదు. దారం బిగుసుకునేదాకా చుట్టుకుంటూ పోతే మూతి మూలలో దానంతట అదే తగులుకుంటుంది.

ప్రశ్న: నేను బ్రిస్బేన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ బారముండి అనేది మన పండుగప్పేనా? రెండు కిలోల దారంతో రికార్డు ప్రయత్నించాలని ఉంది. నియమాలేమిటి?
— ఆస్ట్రేలియా నుంచి, సొంతూరు పాలకొల్లు

జవాబు: అదే చేప బాబూ, శాస్త్రీయ నామం కూడా ఒకటే: లేటస్ కాల్కరిఫర్. ప్రపంచ రికార్డు మీ రాష్ట్రంలోనే ఉంది. 2010లో మొండురాన్ జలాశయంలో 44.64 కిలోల చేప పడింది. అయితే అది ఏటిమొగ కాదు, ఆనకట్ట వెనక నీరు. పండుగప్పకు గుడ్లు పెట్టడానికి ఉప్పునీరు కావాలి కాబట్టి అక్కడున్నవి తెచ్చి వదిలిన చేపలే.

ఈ రికార్డులను చూసేది 1939లో ఏర్పడిన ఐజీఎఫ్ఏ అనే అంతర్జాతీయ సంఘం. వాళ్లు దారం బలాన్ని బట్టి తరగతులు పెట్టారు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది కిలోలు, ఇంకా పైకి. దారాన్ని తడిపి పరీక్షిస్తారు. రెండు కిలోలని అచ్చువేసిన దారం పరీక్షలో అంతకు మించి నిలిస్తే మీ చేప పై తరగతికి పోతుంది. అందుకే దారం, లీడర్ నమూనాలు పంపాలి. లీడర్ పొడవుకు హద్దు ఉంది. రెండు పేటల దారంతో కలిపిన పొడవుకు కూడా హద్దు ఉంది, మీ చేపకు ఎంతో వాళ్ల నియమాల్లో చూసుకోండి. గాలం తగిలినప్పటి నుంచి మీ కర్రను, రీలును మరొకరు ముట్టుకోకూడదు. బరువు గట్టు మీద తూచాలి, పడవలో కాదు.

క్వీన్స్‌లాండ్ చట్టం కూడా చూసుకోండి. తూర్పు తీరపు ఏర్లలో నవంబరు 1 మధ్యాహ్నం నుంచి ఫిబ్రవరి 1 మధ్యాహ్నం దాకా ఈ చేపను పట్టరాదు. మిగతా కాలంలో కూడా 58 సెంటీమీటర్లకు తక్కువ, 120కి ఎక్కువ ఉన్నవాటిని వదిలేయాలి. పై హద్దు పెట్టడంలో తెలివి ఉంది. పండుగప్ప మొదట మగదిగా ఎదిగి, సుమారు ఎనభై తొంభై సెంటీమీటర్లు దాటాక ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దవన్నీ గుడ్లు పెట్టే తల్లులే. ఏటిమొగలో రికార్డు బరువు కోసం మీరు వెతికేది వాటినే. మన దగ్గర అలాంటి పై హద్దు లేదు, ఉంటే బాగుండేది. నియమాలు మారుతుంటాయి, వెళ్లే ముందు అక్కడి మత్స్యశాఖ వారి తాజా జాబితా చూడండి. మొసళ్లున్న ఏటి గట్టున దిగి నిలబడటం మాత్రం ఏ రికార్డు కోసమూ వద్దు.

ప్రశ్న: మా నాన్నగారు హంసలదీవి వైపు చేతిదారంతో పది నిమిషాల్లో చేపను గట్టున వేస్తారు. నేను సన్న దారంతో గంట సేపు ఆడించడం చూసి ‘చేపను ఏడిపించడం తప్ప ఇందులో ఏముంది?’ అన్నారు. మీరే చెప్పండి.
— నాగాయలంక

జవాబు: మీ నాన్నగారి మాటలో న్యాయం ఉంది. కూరకు పట్టే చేపను త్వరగా పట్టి త్వరగా చంపడమే మర్యాద. ఆయన చేతిదారం కన్నా మీ సన్న దారం గొప్ప విద్య అని నేను అనను.

గంటసేపు లాగిన చేప కండలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. మన వేసవి నీట్లో ప్రాణవాయువు ఎలాగూ తక్కువ. మీరు వదలగానే తోక ఊపుతూ పోయినా, ఆ తర్వాత చచ్చిపోవచ్చు; మీకు తెలియదు. సన్న దారంతో పెద్ద చేపను పట్టి ఫొటో తీసుకుని వదిలేయడాన్ని చాలామంది దయ అనుకుంటున్నారు. నాకు అది సమ్మతం కాదు. ఆ చేపను ఇంటికి తీసుకెళ్తారా, మూడు కిలోల దారం వేసుకోండి. వదిలేయాలనుకుంటున్నారా, ఎనిమిది పది కిలోల దారంతో పది నిమిషాల్లో తెచ్చుకోండి. తల్లిచేపలు తిరిగే మొగల్లో రెండు కిలోల దారం అసలు వద్దు. సన్న దారం సరదా తీరాలంటే మాగ చేప ఉంది. ఇసుక మేటల పక్కన తిరుగుతుంది, వేళ్లలోకి దూరదు, కిలో కిలోన్నరదైనా రీలును బాగా పాడిస్తుంది.

వదిలేటప్పుడు చేపను నీళ్లలోనే ఉంచి గాలం తీయండి. ఎత్తక తప్పకపోతే ఒక చెయ్యి పొట్ట కింద వేసి అడ్డంగా పట్టుకోండి. పెద్ద చేపను దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే దాని బరువే దాన్ని దెబ్బతీస్తుంది.

ప్రశ్న: పండుగప్ప కోసం సన్న దారం వేస్తే అన్నీ జెల్లలే పడుతున్నాయి. మొన్న ఒకటి చేతికి ముల్లు గుచ్చింది, సాయంత్రం దాకా సలుపు తగ్గలేదు. ఏం చేయాలి?
— నరసాపురం

జవాబు: జెల్ల అడుగున తిరుగుతుంది, చచ్చిన ఎరను వాసనపట్టి వస్తుంది. ఎరను బతికున్నదే వేసి, బెండు కట్టి అడుగుకు మూరెడు పైన వేలాడనివ్వండి, జెల్లలు తగ్గుతాయి. వీపున ఒకటి, రెక్కల దగ్గర రెండు ముళ్లుంటాయి, మూడింటిలోనూ విషం ఉంటుంది. గుచ్చుకుంటే చేతిని తట్టుకోగలిగినంత వేడినీటిలో, కాలకుండా, నలభై అయిదు డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచండి. వేడిని గుచ్చుకోని చేతితో చూడండి. నొప్పి బాగా తగ్గుతుంది. ముల్లు లోపల విరిగితే, వాపు పైకి పాకితే, ధనుర్వాతం టీకా వేయించుకుని చాలా ఏళ్లయితే ఆసుపత్రికి వెళ్లండి. ఇకముందు జెల్ల పడితే గాలం తీయడానికి చెయ్యి పెట్టకండి. పటకారుతో గాలాన్ని పట్టి తిప్పేయండి, రాకపోతే దారం కత్తిరించండి. గాలం ధర ఎంతని?